రిటైర్ అయిన మర్నాడు ఉదయం ఎక్కడికి వెళ్తారు? రెండేళ్ల ముందు నుంచే చేసుకోవాల్సిన పనులు

మా వారు 58 ఏళ్లకు ఒక ప్రైవేట్ ఫ్యాక్టరీ నుంచి రిటైర్ అయ్యారు. మర్నాడు కూడా నాలుగున్నరకే లేచారు. ఎన్నో ఏళ్ల షిఫ్టుల అలవాటు. స్నానం చేసి, కాఫీ తాగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నారు. నేను స్కూలుకు బయల్దేరేటప్పుడు అలాగే కూర్చుని ఉన్నారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కూడా అక్కడే ఉన్నారు. పీఎఫ్ డబ్బు ఎక్కడ వేయాలో, ఇంటి అప్పు ఎంత మిగిలిందో ఆయన ముందే లెక్క కట్టుకున్నారు. ఉదయం ఆరింటికి ఎక్కడికి వెళ్లాలో మాత్రం అనుకోలేదు. ఆ ఏడాదంతా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఫోన్ మోగితే చాలు, ఫ్యాక్టరీ నుంచేమోనని లేచి వెళ్లేవారు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచింది. ఆ ఏడాదే దిగిపోవాల్సిన నాకు రెండేళ్లు కలిసొచ్చాయి. ఆయన పడిన అవస్థ కళ్లారా చూశాను కాబట్టి ఆ రెండేళ్లూ వృథా చేసుకోలేదు. అప్పుడు ఏం చేశానో వరుసగా చెబుతాను. మీరు 60కి దిగిపోయే కేంద్ర ఉద్యోగి అయినా, 61కి దిగిపోయే తెలంగాణ ఉద్యోగి అయినా, కంపెనీలో 58కి దిగిపోయేవారైనా ఈ పనులు దాదాపు ఇవే.

మొదటి పని: ఒక నోటు పుస్తకం

వంద పేజీల నోటు పుస్తకం ఒకటి కొనండి. ఒక వారం పాటు రోజూ పడుకునే ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ రోజు నా కోసం ఎవరు ఎదురుచూశారు? ఏ పని చేస్తుంటే టైము తెలియలేదు? ఎవరితో మనసు విప్పి మాట్లాడాను?

నా పుస్తకంలో ఆ వారం పడినవి ఇలాంటివి. తొమ్మిదో తరగతి పిల్లలు నేను మైక్రోస్కోపు తెస్తానని తలుపు దగ్గరే నిలబడ్డారు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో నలుగురం క్యారేజీలు విప్పి కూరలు పంచుకున్నాం. బస్సులో పక్క స్కూలు టీచరుతో వాళ్ల అత్తగారి ఆపరేషన్ సంగతి మాట్లాడాను. ఏడు రోజుల్లో జీతం మాట ఒక్కసారీ రాలేదు. జీతం పోతే పింఛను వస్తుంది. మిగతావి పోతే వాటికి బదులు ఏ ట్రెజరీ ఇవ్వదు. వాటిని మనమే వెతుక్కోవాలి.

రెండో పని: మీ కోసం ఎదురుచూసే రెండు చోట్లు వెతకండి

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇది. "ఏదైనా హాబీ పెట్టుకోండి" అని అందరూ చెబుతారు. బొమ్మలు వేయడం, పుస్తకాలు చదవడం మంచివే. కానీ రేపు మానేస్తే అడిగేవాళ్లు ఉండరు. ఉద్యోగంలో మనల్ని రోజూ మంచం మీంచి లేపింది అడిగేవాళ్లు ఉండటమే. అందుకని ఒక రోజు వెళ్లకపోతే "నిన్న రాలేదేం?" అని ఎవరో ఒకరు అడిగే చోట్లు కనీసం రెండు కావాలి. వాటికి వారంలో ఫలానా రోజు, ఫలానా గంట అని ఖాయంగా ఉండాలి.

ఉద్యోగంలో ఉండగానే ఇది మొదలుపెట్టండి. ఆదివారాలు, సెలవులు ఇందుకు పనికొస్తాయి. నేను శనివారం సాయంత్రాలు మా వీధి చివరి సంక్షేమ హాస్టల్లో ఆడపిల్లలకు సైన్సు చెప్పడం మొదలుపెట్టాను. వార్డెన్‌ను కలిసి, నేను ఫలానా స్కూల్లో టీచర్నని గుర్తింపు కార్డు చూపించి అడిగాను. పై అధికారి అనుమతి రావడానికి రెండు నెలలు పట్టింది. అందుకే ముందు నుంచి అడగమంటున్నాను. రిటైర్ అయ్యాక శనివారంతో పాటు మంగళవారం, గురువారం కూడా వెళ్తున్నాను. సాయంత్రం ఆరింటికి వాళ్లు చాప పరిచి ఉంచుతారు.

అన్నీ కుదరవు. సంగీతం క్లాసులో చేరాను, మూడు నెలలకు ఆసక్తి పోయింది, మానేశాను. అలా మానేసే వీలు ఉండటం కోసమే రెండేళ్ల ముందు మొదలుపెట్టాలి. దిగిపోయాక మొదటి ప్రయత్నమే బెడిసికొడితే, ఇక తనవల్ల ఏదీ కాదనుకుని ఇంట్లో కూర్చుండిపోయినవాళ్లను చూశాను.

మా వారికి ఆ చోటు దొరకడానికి ఏడాది పైనే పట్టింది. ఆయన పాత తోటి ఉద్యోగి ఒకాయనకు పింఛను ఆగిపోయింది. కారణం చూస్తే లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం, ఇవ్వలేదు. ఈపీఎస్ పింఛను (పీఎఫ్ ఉన్న కంపెనీ ఉద్యోగులకు వచ్చేది) తీసుకునేవాళ్లు దాన్ని ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వచ్చు, ఇచ్చిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది. ఇప్పుడు స్మార్ట్ ఫోన్‌లో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వచ్చు. దానికి ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అని రెండు యాప్‌లు కావాలి. మా అబ్బాయి వీడియో కాల్‌లో నేర్పితే ఈయన ఆ స్నేహితుడికి చేసి పెట్టారు. ఆ మాట పదిమందికీ పాకింది. ఇప్పుడు సోమ, శుక్రవారాలు పొద్దున పదింటికి రీడింగ్ రూము అరుగు మీద కూర్చుంటారు. ముగ్గురో నలుగురో ఆధార్ కార్డు, పింఛను కాగితం పట్టుకుని ఆయన కోసం చూస్తుంటారు. మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నారు.

మీకు వచ్చిన పని ఏదో చూడండి. ఆఫీసులో అర్జీలు బాగా రాసేవారైతే రాయించుకునేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఆసుపత్రిలో పనిచేసినవారైతే పక్కింటి పెద్దవాళ్లకు మందుల చీటీ చదివి చెప్పడమే పెద్ద సాయం. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవారైతే మిద్దె తోట పెట్టండి. తోటకూర విత్తనం చల్లితే నెల తిరక్కుండా కోతకొస్తుంది. నీళ్లు పోయకపోతే మొక్క వాడిపోయి అడుగుతుంది.

మూడో పని: ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి

భర్త ఉద్యోగం చేసి, భార్య ఇల్లు చూసుకున్న ఇళ్లలో దీన్ని అసలు వదలకండి. పగలంతా ఆ ఇల్లు ఇన్నాళ్లూ ఆవిడ చేతిలో ఉంది. పదింటికి పని అవగొట్టుకుని అక్కచెల్లెళ్లకు ఫోన్ చేసుకోవడం, మధ్యాహ్నం ఒక కునుకు, రెండు సీరియళ్లు, నాలుగింటికి గుడి అంటూ ఆవిడకు ఒక పద్ధతి ఏర్పడి ఉంటుంది. ఆయన రిటైర్ అయిన మర్నాటి నుంచి నాలుగుసార్లు కాఫీ, రెండుసార్లు "ఎక్కడికి వెళ్తున్నావ్?" మొదలైతే ఆవిడ పని పెరుగుతుంది, ఊపిరి తీసుకునే టైము పోతుంది. ఇంటావిడకు రిటైర్మెంటు తేదీ ఎవరూ వేయరు. ఆయన దిగిపోయే రోజునే ఆవిడ పనిలో సగమైనా దిగిపోయేలా మాట్లాడుకోవాలి.

ఎలా మాట్లాడాలంటే, చిన్న చిన్న విషయాలు పేరుపెట్టి అనుకోండి. రెండో కాఫీ ఎవరు కలుపుతారు? మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు టీవీ ఎవరిది? వారంలో ఏ రోజు వంట ఆయనది? ఏ రోజు ఆవిడ తనకు నచ్చిన చోటికి వెళ్తుంది? ఎవరి బంధువుల పెళ్లిళ్లకు ఇద్దరూ వెళ్లాలి, దేనికి ఒక్కరు వెళ్తే చాలు? ఇవి రాసుకోవడం ఎబ్బెట్టుగా ఉంటుంది. అయినా రాసుకోండి.

మగవాళ్లకు ఒక మాట. అన్నం, పప్పు, చారు, ఒక వేపుడు, ఉప్మా, ఈ ఐదూ ఉద్యోగంలో ఉండగానే నేర్చుకోండి. ఆడవాళ్లకు ఒక మాట. ఏటీఎం వాడటం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం, గ్యాస్ బుక్ చేయడం, ఏ బ్యాంకులో ఎంత ఉందో తెలుసుకోవడం, ఇవన్నీ ఇప్పుడే పట్టుకోండి. ఇద్దరిలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఒంటరిగా ఉండాల్సి వస్తుంది. మా స్కూల్లో ఒక టీచరమ్మకు భర్త పోయిన పదకొండో రోజుకు కూడా డిపాజిట్లు ఏ బ్యాంకులో ఉన్నాయో తెలియలేదు. ఏడుస్తూ బీరువాలు వెతుక్కుంది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

నాలుగో పని: డబ్బు

ముందు నెల ఖర్చు. ఆరు నెలలు ప్రతి ఖర్చూ రాయండి. మందులు, పెళ్లి చదివింపులు, పండగ బట్టలు కూడా. రిటైర్ అయ్యాక బస్సు చార్జీలు తగ్గుతాయి, ఆసుపత్రి ఖర్చు పెరుగుతుంది. మొత్తంగా ఖర్చు పెద్దగా తగ్గదు.

ఎంత వస్తుందో తర్వాత చూడండి. పాత పింఛను ఉన్నవాళ్లకు అందులో 40 శాతం వరకు కమ్యూట్ చేసుకునే వీలుంది. ఒకేసారి మొత్తం చేతికొస్తుంది కానీ 15 ఏళ్లపాటు ఆ మేరకు పింఛను తగ్గుతుంది. అప్పు తీర్చడానికో, ఇంటి మరమ్మతుకో అవసరమైతే తీసుకోండి, ఊరికే బ్యాంకులో ఉంచడానికైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన సీపీఎస్ (జీతంలోంచి వాటా కట్టే కొత్త పింఛను పద్ధతి) ఉద్యోగులకు కూడబెట్టిన దానిలో 60 శాతం వరకు ఒకేసారి వస్తుంది, మిగతా 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పింఛను ఇచ్చే పాలసీ, కొనాలి. ఆ ఫారంలో భర్త లేదా భార్య తదనంతరం కూడా పింఛను వచ్చే రకాన్ని ఎంచుకోండి. ఈపీఎస్ వాళ్ల పరిస్థితి అందరికన్నా కష్టం. పింఛను లెక్కకు జీతం పరిమితి 15,000 రూపాయలే, కనీస పింఛను 1,000 రూపాయలే. వాళ్లు పీఎఫ్ మొత్తాన్నే పింఛనుగా మార్చుకోవాలి.

అందుకు మేం వాడుకున్నది పోస్టాఫీసు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరు 30 లక్షల వరకు వేయచ్చు. నేను 2024లో వేసినప్పుడు వడ్డీ 8.2 శాతం. ఆ లెక్కన 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తుంది. కొత్త ఖాతాల వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, మనం వేసిన రోజు ఉన్న వడ్డీ ఐదేళ్లూ మారదు. 60 నిండకుండా 55 దాటి రిటైర్ అయినవాళ్లు కూడా డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేసుకోవచ్చు. నెలనెలా కావాలంటే మంత్లీ ఇన్‌కమ్ స్కీము ఉంది. ఒక్కరి పేరు మీద 9 లక్షలు, జాయింటుగా 15 లక్షలు పరిమితి. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షల వరకే బీమా ఉంటుంది, వడ్డీతో కలిపి. కాబట్టి అంతా ఒకే చోట పెట్టకండి.

రెండు రూపాయల వడ్డీ ఆశకు లొంగకండి. గ్రాట్యుటీ వచ్చిందని తెలియగానే అడిగేవాళ్లు ఇంటికొస్తారు. మా వారు తెలిసినాయన ఒకరికి ప్రోనోటు మీద మూడు లక్షలు ఇచ్చారు. మొహమాటంతో అడగలేదు. ప్రోనోటు మీద కోర్టుకు వెళ్లే గడువు మూడేళ్లు అని గుర్తొచ్చేసరికి అది దాటిపోయింది. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. ఇప్పుడు ఎవరడిగినా "అంతా పోస్టాఫీసులో ఐదేళ్లకు వేసేశాం" అంటాం. నిజమే చెబుతున్నాం కాబట్టి చెప్పడం తేలిక.

ఫోన్‌లో పోలీసులమని, సీబీఐ అని చెప్పి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి "డిజిటల్ అరెస్ట్" అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పిల్లలకు ఇవ్వడం గురించి కూడా చెప్పాలి. అబ్బాయి ఫ్లాటు కొంటున్నాడు, అమ్మాయి విదేశీ చదువు అంటుంది. మనసు ఆగదు. ముందు మీ ఇద్దరి నెల ఖర్చుకు, ఒక పెద్ద ఆపరేషన్‌కు సరిపడా పక్కన పెట్టండి. మిగిలిన దాంట్లోంచి ఇవ్వండి. ఎంత ఇవ్వగలరో రిటైర్ కాకముందే పిల్లలకు చెప్పేస్తే వాళ్లు దాని ప్రకారం చూసుకుంటారు. మా పిల్లలకు చెప్పిన రోజు ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా అమ్మాయే "అమ్మా, మంచి పని చేశావు" అంది.

ఐదో పని: కాగితాలు

ఉద్యోగులైతే ఏడాది ముందే సర్వీస్ రిజిస్టర్ తీయించి చూడండి. పేరు స్పెల్లింగు ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకులో ఒకేలా ఉందా, పుట్టిన తేదీ, ఇంక్రిమెంట్లు, సెలవుల లెక్క సరిగ్గా పడ్డాయా చూడండి. నాకు 1990లలో ఒక మెటర్నిటీ సెలవు ఎంట్రీ పడలేదు. అప్పటి రికార్డు వెతికించడానికి నాలుగు నెలలు తిరిగాను.

ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చూసుకుని వీలునామా రాయండి. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం చేయాలి. ఆస్తి రాసిన వాళ్లే సాక్షులు కాకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

బతికుండగానే ఇల్లు పిల్లల పేరు మీద దానపత్రం రాసేయడం మాత్రం నేను ఒప్పుకోను. ఎంత మంచి పిల్లలైనా సరే. తప్పక రాయాల్సి వస్తే, మమ్మల్ని చివరిదాకా చూసుకోవాలి అన్న షరతు పత్రంలోనే స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద, షరతు తప్పితే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. షరతు రాయకపోతే నిరూపించుకోవడం కష్టం. సాయం కావాలంటే పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

ఇవన్నీ ఒక ఫైలులో పెట్టి, ఏది ఎక్కడుందో మొదటి పేజీలో రాసి, ఇంట్లో ఇద్దరికీ, దూరాన ఉన్న పిల్లల్లో ఒకరికీ చెప్పండి.

ఆరో పని: ఒళ్లు, ఇల్లు

కంపెనీ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. సొంత హెల్త్ ఇన్సూరెన్స్ కనీసం మూడేళ్ల ముందు తీసుకోండి. ఎందుకంటే అప్పటికే ఉన్న జబ్బులకు వెయిటింగ్ (ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వని కాలం) మూడేళ్ల వరకు పెట్టచ్చు. బీపీ, సుగర్ ఉంటే దాచకుండా రాయండి. 70 నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. అమ్మానాన్నలు ఉంటే ముందు వాళ్లకు చేయించండి.

చేతిలో డబ్బు ఉండగానే బాత్రూము మార్చండి. జారని టైల్స్, గోడకు పట్టుకునే స్టీలు రాడ్డు, వెస్ట్రన్ కమోడ్, రాత్రి వెలిగే చిన్న లైటు. పెద్దవాళ్లు తరచుగా జారిపడే చోటు అది. నడక రోజూ ఉండాలి, దాంతోపాటు కాళ్లకు బలం కూడా కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. మేం గోదావరి గట్టు మీద నలుగురితో కలిసి నడుస్తాం. ఒక రోజు వెళ్లకపోతే ఇంటికి ఫోన్ వస్తుంది.

ఏడో పని: పిల్లల దగ్గరికి వెళ్లేటప్పుడు

మనలో చాలామందికి పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారు. అమెరికాకు విజిటర్ వీసా మీద వెళ్తే సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. ఆరు నెలలూ ఉండాలనేం లేదు. ఎన్ని నెలలు, ఎందుకు అన్నది టికెట్టు కొనకముందే మాట్లాడుకోండి. మనవడిని చూసుకోవడం ఆనందమే, కానీ రోజూ పది గంటలు అదే పనైతే ఒళ్లు తట్టుకోదు. "శని, ఆదివారాలు మాకు సెలవు" అని నవ్వుతూనే చెప్పేయండి. అక్కడ కారు లేనిదే ఎక్కడికీ కదలలేం కాబట్టి గుడో, పార్కో నడిచి వెళ్లేంత దూరంలో ఉందా అని అడగండి. పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులు చాలా ఊళ్లలో నడుస్తున్నాయి, మీకు చదువు చెప్పే అలవాటుంటే అక్కడ అడిగి చూడండి. వెళ్లే ముందు అక్కడ వైద్యానికి ఇన్సూరెన్స్ తీసుకోవడం మరవకండి.

దిగిపోయాక మొదటి ఆరు నెలలు

సన్మానం అయిపోయి, శాలువాలు బీరువాలో పెట్టాక వచ్చే మొదటి పనిదినం ఉదయం ఏదో ఒక చోట ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోండి. నేను ఆ రోజు పొద్దున్నే హాస్టల్‌కు వెళ్లి పిల్లలకు కిటికీలో ఉల్లిపాయ మొలకెత్తించడం నేర్పాను. తీర్థయాత్ర కావాలంటే ఆ తర్వాత పెట్టుకోండి.

ఆ ఆరు నెలల్లో ఇల్లు అమ్మకండి, కొత్త వ్యాపారం పెట్టకండి, ఊరు మారకండి. ఆ రోజుల్లో మనసు నిలకడగా ఉండదు. నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే కోపం, ఎవరినీ కలవాలనిపించకపోవడం కొన్ని వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుతో చెప్పండి. వయసు కదా అని ఊరుకోవద్దు. మా ఇంట్లో ఆ మాట ఆలస్యంగా అన్నాం.

నెలకోసారి, ఒకటో తారీఖున పింఛను పడిన మెసేజీ చూసుకున్నాక, మొదట కొన్న నోటు పుస్తకం తీయండి. ఈ నెల నా కోసం ఎవరు ఎదురుచూశారో రాయండి. పేజీలో ఒక్క పేరూ లేకపోతే ఆ వారమే కొత్త చోటు ఒకటి వెతకండి.